బోర్డు మీది పేరు

నరసన్నపేటలో ఇనుప సామాన్ల కొట్టు చూసుకునే ఉపేంద్రకి మేకులమ్మడం వృత్తి. బేరాల్లేనప్పుడు ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో తప్పులు దిద్దడం పిచ్చి. ఎనిమిదేళ్ళు జీతం భత్యం లేకుండా దిద్దగా దిద్దగా అక్కడ నిర్వాహకుడయ్యాడు. వ్యాసానికి ఏ పేరుండాలని నలుగురూ కొట్టుకుంటే, వారం రోజులు వాదనలు విని తీర్పు చెప్పే పెద్దమనిషన్నమాట. పెళ్ళాం మాట జవదాటినా రూలు మాట జవదాటడు.

2016 వేసవిలో ఉపేంద్ర ముందుకి ఒక తగువొచ్చింది. విజయనగరంలో డిగ్రీ చదువుతున్న దుర్గ అనే అమ్మాయి సముద్రం ఒడ్డునున్న తన ఊరి గురించి ‘అసిరమ్మపేట’ పేరుతో వ్యాసం రాసింది. హైదరాబాదు నుంచి ఒకాయన ఊడిపడి, ఆ ఊరిని లోకమంతా ‘కలరాపేట’ అంటుంది, పేరు మార్చాలన్నాడు. తాతల నాడెప్పుడో అక్కడ కలరా వచ్చి జనం పోయారు. పత్రికలు ఆ పేరు వదల్లేదు. ఆయన పన్నెండు వార్తల కత్తిరింపులు తెచ్చి పెట్టాడు.

దుర్గ దగ్గర ఒక్క కాగితం లేదు. ఉక్రోషంతో చర్చ పేజీలో ఊరి మాటలోనే రాసేసింది: “రేషన్ కార్డులో పక్క పంచాయతీ పేరుంటాది సార్. సంతలో మా ఊరి పేరు సెప్తే మా యమ్మ గంపలో సేప ఎవులూ ముట్టుకోరు. రేపు ఫోన్లో ఎతికినోడికల్లా కలరాయే కనపడితే మేం ఏటైపోవాల?”

రూలు మాత్రం స్పష్టం. ఎక్కువమంది వాడే పేరే శీర్షిక, దానికి అచ్చులో ఆధారం ఉండాలి. ఊరివాళ్ళ నోటిమాట చెల్లదు. ఉపేంద్రకి మొదటిసారి రూలు మీద ఒళ్ళు మండింది.

ఆరో రోజు స్కూటరు వేసుకుని ఆ ఊరు వెళ్ళాడు. రోడ్డు మీద బస్సు షెల్టరు, దాని నుదుట ‘కలరాపేట’. హైదరాబాదాయన పదమూడో ఆధారంగా పెట్టిన ఫొటో అదే. ఫొటోలో కనపడని కింది వరస ఇక్కడ కనపడింది: ‘దాత: నగరేశ్వరరావు, ఇనుప సామాన్ల వర్తకులు, నరసన్నపేట’. ఉపేంద్ర ఆ వరస రెండుసార్లు చదివాడు. అది సాక్షాత్తూ వాళ్ళ నాన్న పేరు.

షెల్టరు నీడలో ఖాళీ గంప పక్కన పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది.

“ఈ ఊరి పేరేంటమ్మా?”

“కలరాపేట బావూ.”

“మరి అసిరమ్మపేట?”

“అదీ మా ఊరే. ఆ పేరు సెప్తే అదెక్కడున్నాదని మీరే ఎదురడుగుతారు. ఎవులికి తెల్సిన పేరు ఆళ్ళకి సెప్తాం. మా మనవరాలు దుర్గ ఒక్కర్తే ఒప్పుకోదు.”

ఆమె దుర్గ అమ్మమ్మ కూర్మమ్మ. ఉపేంద్ర తానెవరో చెప్పుకున్నాడు, తండ్రి పేరు తప్ప.

“బోర్డు మీద ఆ పేరు రాస్తుంటే ఎవరూ కాదనలేదా?”

“ఎవులో మారాజు నీడిచ్చాడు. ఇచ్చినోడితో పేసీ పెట్టుకుంటామేటి బావూ?”

కొట్టుకొచ్చి తండ్రిని అడిగాడు. “ఊరి పేరు ఎవర్నడిగి రాయించావు నాన్నా?”

“బస్సు కండక్టర్నిరా. ఆడు కేకేసిందే కదా స్టాపు పేరు! ఏం, రంగు పోయిందేటి?” పుణ్యం చేసుకున్న మొహంతో నవ్వాడు నగరేశ్వరరావు.

ఆ బోర్డు మా ఇంటి తప్పు అని ఒక్క ముక్క రాస్తే ఆ ఆధారం కొట్టుకుపోయేది. కానీ డెబ్భై ఏళ్ళ తండ్రిని నలుగురి ముందూ నవ్వులపాలు చెయ్యడానికి ఉపేంద్రకి చేతులు రాలేదు. సొంతవాళ్ళ సంగతిలో తీర్పు చెప్పకూడదన్న రూలు అడ్డం పెట్టుకుని, ‘సొంత కారణాల వల్ల తప్పుకుంటున్నాను’ అని రాశాడు. ఆ కారణాలేమిటో రాయలేదు. అప్పటికి అది నిజాయితీ అనే అనుకున్నాడు.

మర్నాడు మరో నిర్వాహకుడు మూడు ముక్కల్లో తేల్చేశాడు. ‘పత్రికలు కలరాపేట అంటున్నాయి. ఊరివాళ్ళే తమ షెల్టరు మీద ఆ పేరు రాసుకున్నారు. శీర్షిక కలరాపేట.’

సాయంత్రం దుర్గ నుంచి ఉపేంద్రకి కబురొచ్చింది. “సార్, ఇంతమందిలో మా ఊరొచ్చి అడిగింది మీరొక్కరేనంట, అమ్మమ్మ సెప్పింది. తీర్పు మీ సేతిలో ఉంటే మా పేరు మాకు దక్కేది. మీలాటి మనిషొకరున్నారు, అదే సాలు.”

ఉపేంద్రకి తల కొట్టేసినట్టయింది. అవతల తండ్రి ఎవరికో మేకులు తూస్తూ, మావాడు కంప్యూటర్లో నిజం తప్ప ఇంకోటి రాయడని గొప్పగా చెప్తున్నాడు.