మగ్గం మీద నూడుల్స్

ఏడో తరగతిలో మా నాయన నన్ను బడి మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. ముప్పై ఐదేళ్లయింది. ధర్మవరం పట్టుచీర కట్టుకున్న మనిషిని అందరూ మెచ్చుకుంటారు. నేసినవాడి నడుము ఎట్లా ఉందో అడిగినవాడు లేడు.

ఆ రోజు మగ్గం మీద ఉన్నది మీగడ రంగు చీర. పట్టు ఇచ్చింది హిందూపురం షావుకారు అమర్‌నాథ్. అంతకుముందు నేసిన చీరలో నూనె చుక్క కనిపించిందని నాలుగు నెలలు నాకు పని ఇవ్వలేదు. ఇంకోసారి మచ్చ పడితే మగ్గం మూసుకోమన్నాడు. సాయంత్రం చీర చూడటానికి వస్తానని పొద్దున్నే ఫోన్ చేశాడు.

నా భార్య గౌరి, తన చెల్లెలి బిడ్డను ఉయ్యాల తొట్టిలో వేస్తున్నారని ముందురోజే పెనుకొండకు వెళ్లింది. మధ్యాహ్నానికి వస్తానంది. పదిన్నరకే నాకు ఆకలి. నాకొచ్చిన వంట నూడుల్స్ ఒక్కటే, అదీ నా పద్ధతిలో. నూనెలో ఎండుమిరపకాయలు, దంచిన తెల్లగడ్డలు వేసి, ఎర్రగడ్డ అంచులు మాడేదాకా వేయిస్తాను. చారెడు కారం, పసుపు, పొట్లంలోని మసాలా అంతా పడాల్సిందే. నీళ్లు తెర్లాక నూడుల్స్ విరవకుండా వేసి, దించేముందు చెనక్కాయల పొడి చల్లుతాను. కంట్లో నీళ్లు తిరగకపోతే అది నాకు తిండి కాదు.

మగ్గం దగ్గర తినకూడదన్నది మా ఇంటి కట్టు. అయినా సాయంత్రంలోపు ఇంకో జానెడైనా నేయాలన్న తొందరలో పళ్లెం పట్టుకుని గుంటలోకి దిగాను. రెండో ముద్దకే ఒక పోగు నోటి నుంచి జారింది. దాని తోక విదిలించిన చుక్క నేసిన బట్ట మీద పడింది. కందిబేడంత.

తడిగుడ్డతో అద్దాను. పసుపు కదల్లేదు. ఒంటిసబ్బు తెచ్చి రుద్దాను. నూనె జిడ్డు పోయింది గానీ మచ్చ ఎర్రగా, నెత్తురులా మారింది. నా జన్మలో బట్ట నేశానే గానీ ఉతికి ఎరుగను. గుంటలో అట్లాగే కూర్చుండిపోయాను. పళ్లెంలో నూడుల్స్ గడ్డకట్టాయి.

పన్నెండు దాటాక గౌరి వచ్చింది. తిడుతుందనుకున్నాను. మచ్చ చూసి నవ్వింది.

"పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడతాది. ఇన్నేళ్లు నీ బట్టలు ఎవరు ఉతికిరనుకున్యావు?"

"నవ్వింది చాల్లే. దారి చెప్పు."

"పసుపును ఎండ తింటాది."

"మగ్గం మీది బట్టను ఎండలోకి యాడ తీస్కపోతావే?"

"బట్ట యాటికీ పోదు. ఎండే ఈడికి వస్తాది."

మంచినీళ్లతో నాలుగుసార్లు అద్ది సబ్బు తీసేసింది. ఎరుపు పోయి పసుపు మిగిలింది. గోడకున్న అద్దం ఊడదీసి, వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. అద్దాన్ని అటూ ఇటూ వంచి ఎండను తలుపులోంచి సరిగ్గా మచ్చ మీదికి మళ్లించింది. పొద్దు జరిగినప్పుడల్లా తానూ పీట జరుపుకుంటూ రెండున్నర గంటలు కూర్చుంది. పెనుకొండలో వడ్డించిన ఓళిగల సంగతి, చెల్లెలి అత్త పీనాసితనం అన్నీ అక్కడినుంచే చెప్పింది. నేను వినలేదు. మచ్చనే చూస్తున్నాను. మొదట దాని అంచులు పలచబడ్డాయి. మూడు గంటలకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడున్నరకు వెతికినా దొరకలేదు.

అయిదింటికి అమర్‌నాథ్ వచ్చాడు. చెప్పులు విప్పి, ఫోన్ లైటు వేసి, జానెడు జానెడుగా నేసినంత మేరా చూశాడు. ఆ చోటు దగ్గర వేలు ఆపాడు. అతను ముక్కు ఎగబీల్చాడు.

"ఏమప్పా, ఇల్లంతా మసాలా ఘాటుగా ఉండాది?"

పొద్దున నేను నూడుల్స్ చేసుకున్నానని గౌరే చెప్పింది.

"చేసుకుంటే చేసుకో గానీ చీర దగ్గరికి తేవద్దు," అంటూ అతను లైటు ఆర్పాడు. "బాగా వచ్చిందప్పా. మగ్గం మీంచి కోసినాక ఫోన్ చెయ్యి, ఇంకో చీరకు పట్టు పంపిస్తా."

అతని బండి చప్పుడు సందు దాటేదాకా నేను గుంటలోంచి లేవలేదు. గౌరి వచ్చి చెయ్యిచ్చి లాగింది.