టీ కాచే గొర్రెపిల్ల

రూబీ టీ వడకడుతుంటే హాల్లోంచి భర్త కరుణాకర్ గొంతు వినిపించింది.

"రూబీ, ఆ గొర్రెని తీసేశాను."

గిన్నె పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. "ఏ గొర్రెనండీ?"

"అదే, నీ గేములో ఓ మూల నిలబడి టీ కాస్తుంటుందే, అది. కొట్టదు, కదలదు, ఊరికే ఆవలిస్తూ నిలబడుతుంది. మా ప్రిన్సిపాల్ గారు చూస్తే నవ్వుతారు. కొట్టేవాళ్ళుంటే చాలు."

"అది లేకపోతే ఆట నడవదండీ."

"ఇన్నేళ్ళుగా కాలేజీలో కంప్యూటర్లు చెబుతున్నాను. ఏది ఉంటే నడుస్తుందో నువ్వు నాకు చెప్తావా? ఇంతకీ టీ అయిందా?"

అయింది. రేపల్లెలోని ఆ ఇంట్లో టీ ఎప్పుడూ అయ్యే ఉంటుంది. కుళాయి నీళ్ళయినా ఒక్కోరోజు ఎగ్గొడతాయి గానీ టీ ఎగ్గొట్టిన రోజు లేదు. అందుకే అది దానంతటదే అవుతుందని కరుణాకర్ గారి గట్టి నమ్మకం. బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే మనిషికి ఈ మాత్రం దైవభక్తి ఉండడం మంచిదే.

ఆ గేము సంగతి కాస్త చెప్పాలి. ఇంటర్నెట్టులో కొందరు కళాకారులుంటారు, వాళ్ళు ముఖం చూపించరు. తెర మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. వెనక మనిషి నవ్వితే బొమ్మ నవ్వుతుంది, మనిషి పాడితే బొమ్మ పాడుతుంది, కబుర్లు చెబుతుంది. లక్షలమంది కూర్చుని చూస్తారు. రూబీ అంట్లు తోముకుంటూ ఫోను కిటికీలో నిలబెట్టుకుని వాళ్ళని వినడం మొదలుపెట్టింది. పాటలు బాగుండేవి. అంతకన్నా బాగున్న సంగతి ఇంకొకటుంది. ఆ పాడే అమ్మాయి ఏ రంగులో ఉంటుందో, లావో సన్నమో, పెళ్ళయిందో లేదో, పిల్లలెందుకు లేరో చూసేవాడికెవడికీ తెలియదు. పెళ్ళిచూపుల్లో అత్తగారు అచ్చమ్మ, ఎదురుగా ఉన్నది మనిషి కాక బీరువా అయినట్టు, "పిల్ల చామనఛాయే గానీ పనిమంతురాలట" అన్న రోజు నుంచీ రూబీకి తన ముఖం ఎవరో అరువిచ్చినదానిలాగే ఉండేది. ముఖాన్ని ఇంట్లో వదిలేసి గొంతు ఒక్కటే బయటికి వెళ్ళి రావడం ఎంత సుఖమో కదా అనుకునేది. అసూయ పడేది కూడా.

ఆమెతో డిగ్రీ చదివిన తెనాలి షబ్నంకీ వాళ్ళంటే పిచ్చి. ఇద్దరూ కలిసి ఆ కళాకారుల మీద అభిమానంతో ఒక ఆట తయారుచేశారు. బొమ్మలూ, దారులూ, మాటలూ రూబీవి. కోడు రాయడం షబ్నం పని. టవర్ డిఫెన్స్ అంటారు ఇలాంటి ఆటల్ని. ఒక దారి ఉంటుంది, దాని వెంట శత్రువులు గుంపులుగా వస్తుంటారు. దారి పక్కన మనవాళ్ళని తగినచోట నిలబెట్టి వాళ్ళని ఆపాలి. ఇందులో మనవాళ్ళు ఆ కళాకారుల బొమ్మలు: నెమలి రెక్కల పాటగత్తె, గుడ్లగూబ కళ్ళ కబుర్లమ్మాయి, కోపమొస్తే చెప్పులు విసిరే చేపపిల్ల. దారి చివర వాళ్ళ మైకు ఉంటుంది. శత్రువులు నోళ్ళు. ఒట్టి నోళ్ళే, రెండు కాళ్ళ మీద నడిచొస్తాయి. ఒక్కో నోటి మీద ఒక్కో మాట రాసి ఉంటుంది. దగ్గరికి చేరిన నోరు మైకుని మింగేస్తుంది. ఆ మాటలు రాయడానికి రూబీ పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. ఇంట్లో వినపడ్డవి వినపడ్డట్టు ఎక్కించింది. దారి కూడా తన ఇల్లే: గేటు, వరండా, హాలు, భోజనాల బల్ల, వంటిల్లు.

ఎవరిని నిలబెట్టాలన్నా టీ కావాలి. టీ తాగనిదే నెమలమ్మ గొంతెత్తదు, చేపపిల్ల చెప్పు తీయదు. ఆ టీ కాచేది జుజు అనే గొర్రెపిల్ల. అది ఎవరినీ కొట్టదు. ఆవలించుకుంటూ పొయ్యి దగ్గర నిలబడి గ్లాసు తర్వాత గ్లాసు నింపుతుంటుంది. ఆట మొదలయ్యేటప్పుడు చేతిలో చుక్క టీ ఉండదు, ఉన్నది గొర్రెపిల్ల ఒక్కటే. "మొదట్లో ఓ నాలుగు గ్లాసులు మనమే ఇద్దామే, పాపం" అంది షబ్నం. "ఎవరు కాచి ఇస్తారు?" అంది రూబీ. షబ్నం ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. అలాగే ఉంచేశారు.

అభిమానులు చేసుకున్న ఆట కాబట్టి దాన్ని అమ్మకూడదు, ఊరికే ఇవ్వాలి. ఆ సంగతి విన్న రోజు కరుణాకర్ అన్నం కలుపుతూ, "పైసా రాని పనికి ఇంత కష్టం దేనికి?" అన్నాడు. కలిపిన అన్నంలో పప్పు ఆమె వండింది, చొక్కా ఆమె ఉతికింది, పక్కన పెట్టుకున్న ప్రశ్నపత్రం ఆమె టైపు చేసింది. పైసా రాని పని మీద అసహ్యమే ఉంటే ఆ పూట ఆయన బట్టల్లేకుండా పస్తుండాలి. రూబీ ఆ మాట అనలేదు, మజ్జిగ పోసింది. పోస్తున్నప్పుడు ఆయన మీద మొదటిసారి కోపం రాలేదు. అంతకన్నా చల్లనిది, కిందికి చూసేది ఇంకేదో వచ్చింది. ఆ రోజునుంచీ అది పోలేదు.

ఆమె పనిచేసే స్కూల్లోనూ అంతే. కంప్యూటర్ టీచరుగా చేర్చుకుని, "బొమ్మలొచ్చుగా మేడమ్" అంటూ వార్షికోత్సవం బోర్డులన్నీ వేయిస్తారు. కింద కరస్పాండెంటు గారి అబ్బాయి సంతకం ఉంటుంది. శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో గృహప్రార్థన. చర్చి వాళ్ళంతా వస్తారు, రూబీ టీలూ పకోడీలూ అందిస్తుంది. "అచ్చమ్మ గారి చేతి టీ తాగితే ఆ తృప్తే వేరండి" అంటారు. అచ్చమ్మ గారు తల వంచి ఆ స్తుతిని వినయంగా స్వీకరిస్తుంది. ప్రార్థనలో కరుణాకర్ ఉద్యోగానికీ, అచ్చమ్మ మోకాళ్ళకీ దీవెనలు అడుగుతారు. టీ కాచే చేతులు దేవుడి దృష్టికి ఎవరూ తీసుకురారు. రూబీ చేసినవాటిలో ఆమె పేరున్నది ఆ ఆట ఒక్కటే.

అలాంటి ఆట కరుణాకర్ కళ్ళలో పడింది. క్లాసులో ఒక కుర్రాడు ఫోను పట్టుకుని ఆడుతుంటే లాక్కున్నాడు. "సార్, ఇది మన రేపల్లె, తెనాలి వాళ్ళు చేశార్ట సార్, భలే ఉంది" అన్నాడు వాడు. మొదటి తెర మీద రూబీ, షబ్నం అని రెండు పేర్లు కనిపించాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన కరుణాకర్ 'నీ బొమ్మలాట' అనలేదు, 'మన గేము' అన్నాడు. వారం తిరిగేసరికి ప్రిన్సిపాల్‌తో ఫోనులో 'నా ప్రాజెక్టు' అంటున్నాడు. తెనాలిలో కాలేజీల ప్రాజెక్టుల ప్రదర్శన పెడుతున్నారు, కాలేజీ తరఫున అదే వెళ్తోంది. ఆయన దాన్ని ఒక్కసారైనా ఆడి చూశాడా అంటే, లేదు. లాప్‌టాప్‌లో తెరిచి, పేర్లు మార్చి, గొర్రెని తీసేసి, మూసేశాడు.

ప్రదర్శన రోజు శుక్రవారం. పొద్దున్నే స్నానానికి వెళుతూ, "ఒకసారి గేము చూసి పెట్టు, ఏమన్నా తప్పులుంటే సరిచెయ్" అన్నాడు. ఆయన ప్రశ్నపత్రాల్లో తప్పులు సరిచేసే చేతులు ఎలాగూ ఉన్నాయి. రూబీ తెరిచింది. 'రూపకల్పన: కరుణాకర్. మార్గదర్శకత్వం: ప్రిన్సిపాల్ గారు. కృతజ్ఞతలు: కుటుంబ సభ్యులకు.' ఆ బహువచనంలో తనెక్కడో ఉండే ఉంటుంది, అత్తగారి మోకాళ్ళ పక్కన. షబ్నం అయితే ఆ కుటుంబంలో కూడా లేదు. రూబీకి ఒళ్ళు మండిపోయింది. పొయ్యి దగ్గర చోటు ఖాళీగా ఉంది. గొర్రెపిల్లని వెనక్కి పెట్టడం ఎంతో సేపు పట్టని పని. వేలు మీట మీద పెట్టింది. ఇప్పుడు పెడితే ఆట నడుస్తుంది, నడిస్తే అది ఆయనదవుతుంది. వేలు తీసేసి లాప్‌టాప్ మూసింది.

"చూశావా?" అన్నాడు తల తుడుచుకుంటూ.

"చూశాను."

"అంతా బాగుందా?"

"మీరు ఎలా పెట్టారో అలాగే ఉందండి."

ఆయనకి ఆ జవాబు బాగానే వినిపించింది. ముఖ్య అతిథికి పూలగుత్తి ఇవ్వడానికి ఆడమనిషి ఉండాలని రూబీనీ, కొడుకు వైభవం చూడాలని అచ్చమ్మనీ వెంటబెట్టుకుని తెనాలి రైలెక్కాడు.

హాలు నిండుగా ఉంది. ముఖ్య అతిథి జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఒక అధికారిణి. రూబీ పూలగుత్తి ఇచ్చి పక్కకి నిలబడింది. కరుణాకర్ మైకు పట్టుకుని, ఈ ఆలోచన తనకి ఎలా తట్టిందీ, ఎంత శ్రమపడిందీ చాలాసేపు చెప్పాడు. శ్రమ అన్న మాట ఆయన నోట్లో కొత్త చెప్పుల్లా కిర్రుమంది. తర్వాత మీట నొక్కాడు.

పెద్ద తెర మీద ఇల్లు వచ్చింది. నెమలమ్మ, గుడ్లగూబ, చేపపిల్ల అందరూ బూడిదరంగులో నిలబడ్డారు. పైన టీ గ్లాసు బొమ్మ, పక్కన సున్నా. కరుణాకర్ నెమలిని నొక్కాడు. కదల్లేదు. చేపపిల్లని నొక్కాడు. కదల్లేదు. ఈలోగా గేటు తెరుచుకుని మొదటి నోరు నడిచొచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'టీ అయిందా?' అని ఉంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో నోరు: 'ఇంట్లో నీకేం పనుంటుంది?' మూడోది: 'మా అమ్మ ఇలా చేసేది కాదు.' లెక్చరర్ల వరసలో ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. 'పైసా రాని పని దేనికి?' తాపీగా వరండా దాటింది. దాని వెనక పట్టుచీర కట్టుకున్న లావుపాటి నోరొకటి 'పిల్ల చామనఛాయే గానీ పనిమంతురాలట' అంటూ ఆయాసపడుతూ వచ్చింది. ముందు వరసలో అచ్చమ్మ తన పట్టుచీర కొంగు చూసుకుంది, తెర చూసింది, మళ్ళీ కొంగు చూసుకుంది.

"'నీకేం, నీడపట్టున ఉంటావు'," అని ఇంకో నోటి మీది మాట అధికారిణి పైకే చదివింది. "ఇది మా ఇంట్లో కూడా ఉందండోయ్."

హాలంతా గొల్లుమంది. నోళ్ళు వంటింట్లోకి చేరుతున్నాయి. కరుణాకర్ చొక్కా తడిసిపోయింది. మీటలన్నీ నొక్కాడు, సున్నా వంక చూశాడు, చేతిలో మైకు ఉందన్న ధ్యాస లేకుండా అరిచాడు.

"రూబీ! టీ ఏదీ?"

"తీసేశారు కదండీ," అంది రూబీ.

తెర మీద నోళ్ళు మైకుని మింగేశాయి. నవ్వులు సద్దుమణిగాక అధికారిణి కరుణాకర్‌ని అడిగింది, "ఇది మీరు చేసిందేనా?"

"అంటే... మేడమ్... ఇంట్లోవాళ్ళు కొంచెం సాయం..."

ఆమె రూబీ వైపు తిరిగింది. "నువ్వు చేశావా అమ్మా?"

రూబీ ఒక అడుగు ముందుకు వేసింది. "మా ఆట నేనూ, షబ్నం అని ఈ ఊరమ్మాయీ చేశామండి. అందులో గొర్రెపిల్ల ఉంటుంది. ఈ తెర మీద ఉన్నది మాత్రం ఆయనదేనండి."

కరుణాకర్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని గబగబా స్టేషన్‌కి దారితీశాడు. ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టాక అందుకున్నాడు. "పొద్దున చూశానన్నావ్!"

"చూశాను."

"చెప్పొచ్చుగా!"

"చెప్పానండి. టీ అయిందా అన్నారు."

రేపల్లె రైలు సిద్ధంగా ఉంది. కరుణాకర్ కిటికీలోంచి తువ్వాలు వేసి సీట్లు ఆపాడు. ఎంత అవమానమైనా సీటు సీటే. అచ్చమ్మ ఎక్కి కూర్చుని, చిటపటలాడుతూనే, "ఎక్కు అమ్మాయ్. పరువు ఎలాగూ తీశావు. సాయంత్రం ప్రార్థనకి వాళ్ళంతా వస్తారు. పాలు చెప్పి వచ్చావా?" అంది.

"నేను రావట్లేదు అత్తయ్య గారూ. షబ్నం వాళ్ళింటికి వెళ్తున్నాను. గొర్రెపిల్లని దాని చోట పెట్టుకోవాలి. మా పేర్లు పెట్టుకోవాలి."

కరుణాకర్ తల బయటపెట్టాడు. "ఎప్పుడొస్తావ్?"

"ఇంకా అనుకోలేదండి."

"మరి ప్రార్థనకి టీ ఎట్లా?" ఆయన గొంతులో కోపం కన్నా కంగారు ఎక్కువుంది. ఇంతకాలం ఈ మనిషికా తను భయపడింది అనుకుంటే రూబీకి సిగ్గేసింది.

"కొట్టేవాళ్ళుంటే చాలన్నారుగా," అంది. "ఇద్దరున్నారు."

రైలు కదిలింది. ఆపిన సీటు మీద తువ్వాలు తువ్వాలుగానే వెళ్ళిపోయింది. రూబీ స్టేషన్ బయటికొచ్చి, బడ్డీ దగ్గర ఒక టీ చెప్పింది. కొంగు నడుముకి దోపుకున్న ఆవిడ గ్లాసు చేతికిచ్చి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. రూబీ నిలబడి, తొందర లేకుండా, చివరి గుక్క దాకా తాగింది.

"ఈ టీ ఎవరు కాచారండీ?"

ఆవిడ ఉలిక్కిపడి చూసింది. "నేనేనమ్మా. ఏం, బాలేదా?"

"బాగుంది," అంది రూబీ. "అది చెబుదామనే అడిగాను."