ఆగాలంటే ఒక్క దెబ్బ

తలుపు మూసుకున్న చప్పుడు గంగాదేవి వినలేదు. రొయ్యల పెట్టెలు సర్దుతుంటే జారిపడిన చేతితొడుగు కోసం కంటెయినరు చివరిదాకా వెళ్ళి వంగిందామె. చల్లగాలి ఫ్యాను హోరులో, బయట నుంచి తలుపులేసే కుర్రాడు చక్రి "ఎవరన్నా ఉన్నారా?" అని అరిచాడో లేదో దేవుడికే తెలియాలి. లేచి చూసేసరికి చీకటి. బండి కదిలింది.

ఉయ్యూరు అవతలి రొయ్యల ప్లాంటు నుంచి కోల్డ్ స్టోరేజీకి మూడు కిలోమీటర్ల రోడ్డు, కంపెనీ సొంతం. దాని మీద తిరిగే ఈ బండిలో డ్రైవరుండడు. విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ గదిలో తెర ముందు కూర్చుని ఒకాయన స్టీరింగు తిప్పితే ఇక్కడ చక్రాలు తిరుగుతాయి. బండి వచ్చిన కొత్తలో ఖాళీ సీటు చూసి ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. తర్వాత వెనక తలుపుల మీదున్న కెమెరా ముందు నిలబడి, "బావగారూ, మా జడలు బాగున్నాయా?" అని ఆటపట్టించడం మొదలెట్టారు. అందులో గంగాదేవే ముందు. ఆయన పేరు బసవపున్నయ్య అనీ, పాత లారీ డ్రైవరనీ వాచ్‌మన్ హనుమయ్య చెప్పాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు. లోపలి గొళ్ళెం మంచుకట్టి బిగుసుకుపోయింది. ఫోను ప్లాంటు గేటు దగ్గర పెట్టెలో ఉంది. శనివారం మధ్యాహ్నం, ఇదే ఆఖరి ట్రిప్పు. స్టోరేజీలో బండిని నిలబెట్టి, చల్లదనం పోకుండా కరెంటు తగిలిస్తే, సోమవారం దాకా తలుపు తీసే నాథుడుండడు. సోమవారానికి తనూ ఈ రొయ్యల పెట్టెల్లో ఒకటి.

"ఆపండీ! బాబ్బాబు, ఆపండీ!" అని గొంతు చించుకుంది. ముందు సీటులో మనిషంటూ ఉంటే కదా వినడానికి! ఇనప ట్రే తీసుకుని తలుపును ఎడాపెడా బాదింది. బండి తన దారిన తాను పోతూనే ఉంది. ఇలాంటి బండిని కనిపెట్టిన మహానుభావుణ్ణి ఒక్క పూట ఇందులో కూర్చోబెట్టాలి.

బండి గుంటలో పడి లేచింది. కెమెరా గుర్తొచ్చింది. అది ఈ తలుపు మీదే ఉంది, తను కొడితే అదురుతుంది. కానీ గుంటలకీ అదురుతుంది కదా, ఆయనకేం తెలుస్తుంది?

అప్పుడు నాన్న తలపుకొచ్చాడు. కాశీరావు చేపల లారీకి క్లీనరు. చిన్నప్పుడు తనని పక్కన నిలబెట్టుకుని లారీ వెనక అరచేత్తో చరిచేవాడు. "ఒకటి కొడితే ఆగాలమ్మా, రెండు కొడితే పోవాల. ఎంత నిద్దరమత్తులో ఉన్నా డ్రైవరుకి ఇది తెలుస్తాది."

తలుపు పైభాగాన ఒక్క దెబ్బ. మూడు దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒక్క దెబ్బ. వేళ్ళు మొద్దుబారాయి. బండి మలుపు తిరిగింది, అంటే స్టోరేజీ దగ్గరపడింది. భయంతో ఏడుస్తూనే లెక్క తప్పకుండా కొట్టింది.

బండి ఆగింది.

ఎవరూ రాలేదు. తన కోసం ఆగిందా, స్టోరేజీకి చేరి ఆగిందా? అంతలో ముందు నుంచి హారన్, పొట్టిగా ఒక్కసారి. తనూ ఒక దెబ్బ కొట్టింది. హారన్ మళ్ళీ ఒకటి. అలా ఎంతసేపో. ఆ హారన్ మోగినంతసేపూ తను బతికే ఉన్నట్టు.

తలుపు తీసింది హనుమయ్య. స్టోరేజీ గేటు నుంచి పరిగెత్తుకొచ్చి రొప్పుతున్నాడు. ఆమెను కిందికి దింపి, ఫోను చేతిలో పెట్టాడు.

"ఎవరమ్మా?" అంది ఆటోనగర్ నుంచి గొంతు.

బావగారూ అని ఎగతాళి చేసిన నోటికి ఆ మాట రాలేదు. "గంగాదేవినండీ, అన్నయ్యగారూ."

"తెర మీద బొమ్మ అదురుతుంటే గుంటలే అనుకున్నానమ్మా. గుంటలు లెక్క ప్రకారం రావు గదా! దిగి చూద్దామంటే నేనెక్కడ, బండెక్కడ? హనుమయ్యకి ఫోన్ చేసి, ఈ కుర్చీలో కూర్చుని హారన్ కొట్టడం తప్ప ఏం చెయ్యలేకపోయా. నువ్వు చెప్పందే బండి తియ్యనమ్మా."

గంగాదేవి కంటెయినరులోకి తొంగిచూసింది. "ఎవరన్నా ఉన్నారా?" అని గట్టిగా అరిచింది, ఫ్యాను హోరుని మించి. మరోసారి అరిచింది. హనుమయ్య చేత తలుపు వేయించింది.

తిమ్మిరెక్కిన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. బండి కదిలింది.