ఏడు జతల కాళ్లు

జగదీశ్‌ను దహనం చేసిన మూడో రోజు పొద్దున సరిత కాలేజీకి వచ్చింది. శంషాబాద్‌లోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె ఆరేళ్లుగా జువాలజీ ల్యాబ్ అటెండర్. అప్పుడే ఎందుకొచ్చావని లెక్చరర్ షెకీనా అడిగేలోపే, కొంగుముడి విప్పి ఒక పాత మందుల డబ్బా బల్లమీద పెట్టింది.

"మేడం, గీంట్ల ఏమున్నయో జూడుండ్రి. ఆయన చెవులకెల్లి ఎల్లినయి."

సరిత భర్త జగదీశ్ లారీ డ్రైవర్. గగన్‌పహాడ్ దగ్గర పాడుబడిన క్వారీ గుంతలో తల పగిలి దొరికాడు. తాగి జారిపడ్డాడనీ, అతను కనబడకుండా పోయిన రెండు రోజులూ లారీ షెడ్డు దాటలేదనీ యజమాని రవీందర్ చెప్పాడు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. దవాఖాన నుంచి శవం ఇంటికొచ్చాక, స్నానం చేయిస్తూ సరిత తల ఎత్తి పట్టుకుంది. ఎడమ చెవిలోంచి నీళ్లతో పాటు నాలుగు పురుగులు ఆమె అరచేతిలో పడ్డాయి. శవానికి పురుగులు పట్టాయని చుట్టాలు ముక్కు మూసుకున్నారు. సరిత మాత్రం గుప్పిట మూసింది.

"ఇవి మన సీసాలల్ల ఉండేటియే గద మేడం? మీరు సముద్రం ఇసుకలకెల్లి తెచ్చినయి?"

షెకీనా ఒక పురుగును తడిపి మైక్రోస్కోప్ కింద పెట్టింది. బియ్యపు గింజలో సగం కూడా లేదు. తల వెనక వరసగా ఏడు పట్టీలు, వాటికి ఏడు జతల కాళ్లు. శవాన్ని తినే ఈగపురుగుకి కాళ్లే ఉండవు. అయితే క్వారీలో తడిరాళ్ల కింద తిరిగే బూడిదరంగు పురుగులకూ ఏడు జతల కాళ్లుంటాయి. అందుకని సూదితో దాన్ని తిప్పి తోక చూసింది. రెండు పక్కలా వెడల్పాటి తెడ్లు, వాటి అంచుల్లో సన్నటి వెంట్రుకలు. నేలమీద బతికేవాటికి ఈత తెడ్లతో పనిలేదు. తల ముందు రెండు పొట్టి మీసాలు, వాటి మధ్య నుంచి పొడుచుకొచ్చిన మొన. దవడకు మూడు పళ్లు, మాంసం కోసే పళ్లు.

"అదే సరితా. అల వచ్చి తడిపిపోయే ఇసుకల తప్ప ఇది ఇంకేడ బతకది."

"అంటే ఆయన సముద్రం కాడ పడుండె."

షెకీనా ఆలోచిస్తున్నది మరొకటి. ల్యాబులో నలభై సీసాల నిండా ఇదే పురుగు ఉంది. అటెండరే సీసాలోంచి తీసి తెచ్చిందని ఎవరైనా అనొచ్చు. పాత సీసాలోంచి ఒకదాన్ని తీసి పక్కన పెట్టింది. స్పిరిట్‌లో ఏళ్లుగా నానినది పాలలా తెల్లగా ఉంది. సరిత తెచ్చినదానికి పెంకు లోపల, తల నుంచి తోక దాకా నలుపెక్కిన ఎర్ర గీత ఒకటి కనిపించింది. అది దాని పేగు. నిండుగా ఉంది.

సరిత కూడా కన్ను పెట్టి చూసింది. చాలాసేపు లేవలేదు.

"ఆయన నెత్తురేనా?"

"పరీక్ష చేస్తే ఎరుకైతది."

షెకీనా నాలుగింటినీ చిటికెనవేలంత ప్లాస్టిక్ సీసాలో వేసి ఎస్సై లక్ష్మణ్‌కు ఫోన్ చేసింది. మధ్యాహ్నం తానే వచ్చి సాక్షుల ముందు తీసుకుంటానని అతను అన్నాడు. ఆ మాట స్టేషన్ నుంచి ఎవరి ద్వారా జారిందో తెలియదు. పదకొండింటికే రవీందర్ వచ్చాడు. వెంట లారీ క్లీనర్ పాండు ఉన్నాడు. పరీక్షల సెలవులు కావడంతో పై అంతస్తులో పిల్లలెవరూ లేరు. సరిత నీళ్లకోసం కిందికెళ్లింది. పాండు తలుపు వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆ పురుగులు ఏడ వెట్టినవ్?" అని రవీందర్ షెకీనాను అడిగాడు.

"పోలీసులకిచ్చిన."

"వాళ్లు ఇంక బయల్దేరనే లేదు." రవీందర్ చేత్తో షెల్ఫ్ మొత్తం ఊడ్చాడు. సీసాలు నేలమీద పేలినట్టు పగిలాయి. స్పిరిట్ వాసనకు కళ్లు మండాయి. అతను కొట్టిన చెంపదెబ్బకు షెకీనా పెదవి పంటికి తగిలి చీలింది. అప్పుడు చూశాడు ఆమె బిగించిన కుడి పిడికిలిని.

మణికట్టు మెలిపెట్టి బల్లకు అదిమాడు. "ఇడువ్."

ఆమె విడవలేదు. అతను ఇనుప స్టాండు అందుకుని పిడికిలి మీద కొట్టాడు. చిటికెనవేలు పుటుక్కుమంది. ఆమె అరిచింది. రెండో దెబ్బకు ఉంగరపు వేలు విరిగి ఎముక తెల్లగా బయటికి వచ్చింది.

"సాలన్నా, సచ్చిపోతది," అన్నాడు పాండు.

మూడో దెబ్బ పడేలోపు తలుపు విసురుగా తెరుచుకుంది. పాండు దాన్ని ఆపలేదు. సరిత గోడకు తగిలించిన మంటలార్పే సిలిండర్ ఊడబీకి, రెండు చేతులతో ఎత్తి రవీందర్ మోచేతి మీద వేసింది. స్టాండు జారింది. అతను తిరిగేసరికి ముఖం మీద కొట్టింది. అతను గాజుపెంకుల్లో వెల్లకిలా పడ్డాడు. కుడికన్ను ఉన్నచోట రక్తం తప్ప ఏమీ కనబడలేదు.

మళ్లీ ఎత్తబోతుంటే పాండు ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"వదినా, నేను జెప్త. అంత జెప్త. బాపట్ల కాడ దొంగతనంగ ఇసుక నింపుతున్నం. జగదీశన్న వద్దన్నడు, పోలీసులకు జెప్త అన్నడు. ఈయన పారతోని నెత్తిమీద కొట్టిండు. అన్న అలల కాడ వడ్డడు. గాడనే రెండు గంటలు మూలిగిండు వదినా. మేం ఇసుక నింపుకుంటనే ఉన్నం. ఊపిరి పోయినంక లారీల ఏసుకొచ్చి గుంతల పడేసినం."

సరిత విన్నది. అతను కాళ్లు వదిలాక, సిలిండర్‌ను పైకెత్తి రవీందర్ మోకాలి మీద వదిలింది. అతని అరుపు కింద గేటు దాకా వినిపించింది.

లక్ష్మణ్ వచ్చేసరికి షెకీనా గోడకు చేరగిలబడి ఉంది. వాచిన వేళ్లు తెరుచుకోలేదు. దవాఖానలో మత్తుమందు ఇచ్చాకే ఆ చిన్న సీసాను డాక్టర్ బయటికి తీశాడు. మూత చెదరలేదు.

పురుగుల పేగుల్లో ఉన్నది జగదీశ్ రక్తమేనని రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. పాండు సాక్షి అయ్యాడు. రవీందర్ ఒంటికన్నుతో, కుంటుకుంటూ జైలు నుంచి కోర్టుకు వస్తున్నాడు. షెకీనా రెండు వేళ్లు ఇక వంగవు. సన్నటి దవడలను సూదితో విడదీసే పనిని ఎడమచేతికి అలవాటు చేసుకుంటోంది. ఇప్పటికి పదిట్లో తొమ్మిది నలిగిపోతున్నాయి.

రవీందర్‌ను కొట్టినందుకు సరిత మీదా కేసు పెట్టారు. ఆమెకు జమానతు ఇచ్చి బెయిలు ఇప్పించింది షెకీనా తండ్రి శాంతయ్య, మామిడిపల్లిలో తనకున్న చిన్న చెలక భూమిని చూపించి. మేడాన్ని కాపాడటానికే కొట్టానని చెప్పమనీ, అంతకు మించి ఒక్కమాట అనొద్దనీ వకీలు సరితకు పదిసార్లు చెప్పాడు.

"అతను పడిపోయాక కూడా ఎందుకు కొట్టావు?" అని జడ్జి అడిగారు.

సరిత కాసేపు వకీలు వైపు చూసింది.

"ముందుగాల రెండు దెబ్బలు మేడం చెయ్యి ఇడిపియ్యనీకి కొట్టిన సార్. ఆఖరిది మా ఆయన మూలిగిన ఆ రెండు గంటలకు బదులు."

వకీలు తల పట్టుకున్నాడు. జడ్జి ఆ మాటను ఉన్నదున్నట్టే రాయించి, కేసును వచ్చే నెలకు వాయిదా వేశారు.