సోమవారం గడ్డం

ఒకే సెలూను, రెండు కుర్చీలు, కుర్చీకో పార్టీ. అన్న దగ్గర అధికార పార్టీవాళ్ళు గడ్డం గీయించుకుంటే, తమ్ముడి దగ్గర ప్రతిపక్షంవాళ్ళు గీయించుకునేవారు. అన్నదమ్ములు దువ్వెనలు కూడా పంచుకోవడం మానేశారంటే చూసుకోండి, ఎంతదాకా ముదిరిందో!

సెలవురోజైన సోమవారం మాత్రం ఒకరి గడ్డం ఒకరు గీయాల్సిందే. తండ్రి పెట్టిన పద్ధతి. మాటలు ఆగిపోయినా ఈ ఒక్కటీ ఆగలేదు.

ఆ సోమవారం పొద్దున అన్న కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, మెడ చాపి పడుకున్నాడు. తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. ఎంత గుండె ధైర్యం! శనివారం సాయంత్రం పుస్తకాల షాపు మేడ మీద తమ్ముడి పార్టీవాళ్ళు రహస్యంగా కలుసుకుంటే పోలీసులు వచ్చిపడ్డారు. వాళ్ళ నాయకుడు మాస్టారిని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళారు. ఆ మేడ సంగతి అదే మధ్యాహ్నం తమ్ముడు ఇక్కడే, తన కుర్చీ దగ్గరే నిలబడి మాస్టారి చెవిలో వేశాడు. అప్పుడు పక్కన కత్తెర ఆడిస్తున్నది అన్న. అన్న కాకపోతే మరెవరు, గోడలా? పైగా నిన్నంతా ఈయనగారు ఈల వేసుకుంటూ తిరిగాడు!

నిన్న తన పార్టీ కమిటీవాళ్ళు నిలదీస్తే తమ్ముడు అనేశాడు: "మా అన్నే."

అన్నాక గుండె కలుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "సరే, మేం చూసుకుంటాం" అన్నారు వాళ్ళు. పోయినేడాది వాళ్ళు అలా చూసుకున్న టైలరు ఇప్పటికీ సూది పట్టలేడు.

వేడి తువ్వాలు పిండి అన్న మొహం మీద కప్పాడు. ముక్కు కొన తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు కాస్త ధైర్యం వచ్చి, పళ్ళు నూరుతూ గొణిగాడు: "మాస్టారిని పట్టించి ఎంత హాయిగా పడుకున్నాడో!"

"నేనెప్పుడు పట్టించాన్రా?" అంది తువ్వాలు కింది గొంతు.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "వినబడిందా?"

"మొహం మీద తువ్వాలేస్తే చెవుడొస్తుందా? ఇరవై ఏళ్ళుగా నీది ఇదే వరస. తువ్వాలు కప్పగానే కుర్చీలో మనిషే లేనట్టు వాగుతావు."

తమ్ముడి చేతిలో నురుగు బ్రష్షు ఆగిపోయింది. శనివారం తన కుర్చీలో, తువ్వాలు కింద ఉన్నదెవరు? పోలీస్ స్టేషన్ రైటరు! అన్న కుర్చీ ఖాళీ లేక ఇటు కూర్చున్నాడు. గురక పెడుతున్నాడు గదా అని, ఆయన తల మీదుగానే మాస్టారికి మేడ గుర్తులన్నీ చెప్పాడు. ఛీ, ఏం నోరిది! అన్న కాదు. జారింది తన నోరే.

తలుపు తోసుకుని కమిటీవాళ్ళు ముగ్గురు లోపలికొచ్చారు. ముందున్నది లారీ మెకానిక్కు.

"ఇవాళ సెలవండీ" అన్నాడు అన్న, తువ్వాలు తీయకుండానే.

తమ్ముడు వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు. "మా అన్న కాదు. తప్పు నాది. రైటరు ముందు నేనే వాగాను. ఒట్టు!"

మెకానిక్కు నవ్వాడు. "నిన్న మా అన్నే అన్నావు, ఇవాళ నేనే అంటున్నావు. ఎంతైనా తోడబుట్టినవాడు, వెనకేసుకొస్తావులే. పక్కకు జరుగు."

"నిజం చెప్తుంటే నమ్మరేం?"

"నిన్న నమ్మాంగా. చాలు."

అన్న తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. ఆ ముగ్గురి వంక చూడలేదు, తమ్ముడినే చూశాడు.

"నా పేరు చెప్పావా?"

తమ్ముడు తలూపాడు.

"వీళ్ళంటే పరాయివాళ్ళు, నమ్మారు. నువ్వెలా నమ్మావురా?"

తమ్ముడు ఏడుస్తూ చెయ్యి పట్టుకున్నాడు. అన్న విడిపించుకుని, తడి మొహంతోనే లేచి, వాళ్ళకు ఎదురు నడిచాడు.