బంగార్రాజు ఎర్ర జెండా

నేను ఏ సరుకూ తొందరపడి అమ్మను. బంగార్రాజు విషయంలో పదకొండేళ్లు ఆగాను.

అతను బిలాస్‌పూర్ రైల్వే యార్డులో పాయింట్స్‌మన్. మా తమ్ముడు రమణబాబుదీ అదే డ్యూటీ. బోగీలు తగిలించడానికి తమ్ముడు వాటి మధ్యకు వెళ్తే, బంగార్రాజు ఎర్ర జెండా చూపించి ఇంజన్ని ఆపి ఉంచాలి. ఆ రోజు ఇంజను ఆగలేదు. తమ్ముడు నలిగిపోయాడు. తాను జెండా చూపించాననీ, బండి పూర్తిగా ఆగకముందే తమ్ముడు దూరాడనీ బంగార్రాజు విచారణలో చెప్పాడు. తప్పు చచ్చినవాడిదేనని రాసి మూసేశారు.

మూసేసిన నెలకు, తార్‌బహార్‌లోని నా కిరాణా కొట్లో బియ్యం బస్తాలు జరిపిస్తుంటే గోడవారన ఒక ఎర్ర జెండా దొరికింది. అంచున పసుపు దారంతో ‘బం’ అని కుట్టి ఉంది. జెండాలు మారిపోకుండా ఇక్కడి ఆడవాళ్లు మొగుళ్ల జెండాల మీద అలా కుడతారు. ప్రమాదం రోజు పొద్దున బంగార్రాజు నా దగ్గర బీడీకట్ట కొని, బస్తాల మీద పెట్టిన జెండాలు లాక్కుని పరిగెత్తడం గుర్తొచ్చింది. పచ్చది ఒక్కటే అతనితో వెళ్లింది.

అప్పుడే బయటపెడితే, అది ఇంకో రోజు మరిచిందని తప్పించుకునేవాడు. అందుకని అతని కథ అతన్ని చెప్పనిచ్చాను. పెళ్లిళ్లలో, దినాల్లో అతను ఆ ప్రమాదం చెప్పినప్పుడల్లా ఎదురుగా కూర్చుని విన్నాను. మొదట్లో జెండా చూపించానన్నాడు. తర్వాత ఊపానన్నాడు. నాలుగో ఏటికి, ముందురోజే భార్య అప్పయమ్మ కుట్టిచ్చిన కొత్త జెండా, ఊపిన ఊపుకి రెండు ముక్కలైందన్నాడు. అక్కడ జనం కళ్లు తుడుచుకునేవారు. తమ్ముడి భార్య సౌభాగ్య లేచి వెళ్లిపోయేది.

మొన్న అతని రిటైర్మెంటు సన్మానం. సౌభాగ్యను బతిమాలి తీసుకెళ్లి మొదటి వరసలో కూర్చోబెట్టాను. దండలు పడ్డాక బంగార్రాజు మైకులో ఆ కథే ఎత్తుకున్నాడు. కథలో జెండా చిరిగేదాకా ఆగి, వేదికెక్కి, కాగితంలో చుట్టిన నా కానుక అప్పయమ్మ చేతిలో పెట్టాను.

ఆమె కాగితం విప్పింది. అంచు వేళ్లతో తడిమింది.

“ఇది నాను కుట్టిందే,” అంది మొగుడితో. “సిరిగిపోనాదన్నావు గదా. కొత్తదానిలాగే ఉందేటి?”

అది ఎక్కడిదని బంగార్రాజు నన్నడిగాడు.

“ఆ పొద్దున నా కొట్లో వదిలేసినావు, మావా.”

మైకు పనిచేస్తూనే ఉంది. హాలంతా వింది. అతను దండలు తీసేసి దిగబోయాడు. నేను అడ్డం నిలబడి మైకు అతని నోటి దగ్గర పెట్టాను.

“మళ్లీ చెప్పు, మావా. ఈసారి జెండా పట్టుకుని చెప్పు.”

సౌభాగ్య లేవలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది.