పొయ్యిలో చెయ్యి పెట్టి

పెద్దాయన పొట్ట కింద, చర్మం లోపల బిళ్లలా గట్టిగా తగిలింది. ఆస్పత్రిలో మిషన్ ఆపరేటరు వేలితో నొక్కి చూసింది.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"అబ్బే."

"పోయిన మంగళవారం ఇక్కడ కాలిందా?"

"కాస్త వెచ్చగా అనిపించిందమ్మా. అంతే."

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బేకరీలో బట్టీ ముందు నిలబడ్డాడు. మోచేతుల దాకా వెంట్రుకలు లేవు. మూత్రాశయంలో గడ్డ ఉంది. రేడియేషన్ దానిమీద బాగా పనిచెయ్యాలని వారానికోసారి గడ్డను వేడిచేస్తున్నారు. నడుం చుట్టూ నీళ్ల సంచి, దాని చుట్టూ యాంటెన్నాలున్న రింగు. రేడియో తరంగాలు నలువైపుల నుంచీ లోపలికి వెళ్లి గడ్డ దగ్గర కలుస్తాయి. అక్కడ నలభై రెండు డిగ్రీలు గంటసేపు నిలవాలి. మొత్తం ఐదుసార్లు. ఇది మూడోది.

డాక్టరు వచ్చి బిళ్లను చూశాడు.

"లోపల కొవ్వు కాలింది. ఈసారికి కానిద్దాం. మళ్లీ ఇలా కాలితే మాత్రం వేడి ఆపేస్తాను. ఉత్త రేడియేషన్‌కి గడ్డ లొంగకపోతే మూత్రాశయం తీసెయ్యాలి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ పొట్టకి మూత్రం సంచి తగిలించుకోవాలి."

డాక్టరు వెళ్లాక, పక్కనే కూర్చున్న ఆయన భార్య అందుకుంది.

"పన్ను పీకినప్పుడే ఉలకలేదు పలకలేదు ఈ మహానుభావుడు. ఈయన్ని అడిగి ఏం లాభం? ఆ గోడనడుగమ్మా, అదే నయం."

"నువ్వుండవే," అన్నాడాయన. తర్వాత ఆపరేటరు వైపు తిరిగాడు. "కాలిందంటే వేడి తగ్గిస్తారుగా. తగ్గిస్తే గడ్డకి చాలదుగా. అందుకని ఓర్చుకున్నా."

ఆపరేటరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"బట్టీ వేడి ఎలా చూసేవారు బాబాయ్?"

"చెయ్యి పెట్టి లెక్కపెట్టడమే. పది దాకా ఉంచగలిగితే రొట్టెలు పెట్టచ్చు. ఆరుకే లాక్కున్నామంటే మంట ఎక్కువైనట్టు."

"ఓర్చుకుని పది దాకా ఉంచితే?"

"ఉంచాడొక ప్రబుద్ధుడు, పందెం కట్టి. ఆ రోజు రొట్టెలన్నీ బొగ్గు. వాణ్ణి మళ్లీ బట్టీ దగ్గరికి రానివ్వలేదు."

"నా థర్మామీటరు తీగ గడ్డ దగ్గర ఒక్కచోటే ఉంటుంది. మిగతా ఒళ్లు ఎక్కడ కాలుతోందో నాకు తెలీదు. ఆ చెయ్యి మీరే. చెబితే ఊరికే తగ్గించెయ్యను. యాంటెన్నాలు సర్ది వేడిని పక్కకి జరుపుతాను."

ఆయన రింగులోకి జరిగి పడుకున్నాడు. ఆమె మిషన్ ఆన్ చేసింది.

పద్దెనిమిదో నిమిషానికి తెరమీద నలభై రెండు పడింది. ఇరవై మూడో నిమిషంలో ఆయన కాలి బొటనవేలు ముడుచుకుంది. అది భార్య చూసింది. నోరు తెరవబోయి ఆగింది.

"ఆరు," అన్నాడాయన.

"ఎక్కడ?"

"ఎడమవైపు. గజ్జల్లో."

ఆమె రెండు యాంటెన్నాలు సర్దింది. అంకె నలభై ఒకటిన్నరకు దిగింది. ఆయన కళ్లు తెరమీదే ఉన్నాయి. నాలుగు నిమిషాలకు మళ్లీ నలభై రెండు వచ్చింది.

"ఇప్పుడు?"

"తొమ్మిది. పదే అనుకో."

"తొమ్మిదా, పదా?"

"తొమ్మిది."

"బేరాలా?" అంది భార్య, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆపరేటరు ఫారంలో రాసుకుంటోంది. ఆయన తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పోయిన మంగళవారం మూడమ్మా," అన్నాడు. "అదీ రాసుకో."